ఉప్పు డబ్బా పక్కన గడియారం

మా ముందు ఇంకా ముగ్గురున్నారు. ఈ మడత కుర్చీలు కనిపెట్టినవాడెవడో గాని వాడికి నడుమంటూ ఉండి ఉండదు. ఫైర్ ఇంజన్లు రెండూ బయట వానలో నిలబెట్టి, వాటి చోట వరసగా బల్లలు వేశారు, బల్లల మీద పచ్చగుడ్డలు, గుడ్డల మీద గడియారాలు, గడియారాల మీదికి వంగిపోయిన ముసలాళ్ళు, ఒక్కొక్కడి నుదుటి మీదా ఒక భూతద్దం. ఏడాదికోసారి పెన్సిల్వేనియాలో ఉన్న జేబుగడియారాల పిచ్చోళ్ళందరూ మా ఊరి ఫైర్ స్టేషన్లోనే చేరతారట, ఇంత వయసొచ్చాక గాని ఆ సంగతి నాకు తెలీలేదు. మూల వంటగదిలో చర్చి ఆడవాళ్ళు బీన్స్ సూపు కాస్తున్నారు, పంది ఎముక ఉడికిన వాసన హాలంతా పరుచుకుంది. పక్క కుర్చీలో నా తమ్ముడు ఎల్డన్, తడిసిన టోపీ మోకాలి మీద పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా నిటారుగా కూచున్నాడు. నా ఒళ్ళో చేతిసంచి, సంచిలో మెర్ల్ రుమాలు, రుమాల్లో మెర్ల్ గడియారం. ఆగిపోయి ఉంది. మొన్న అక్టోబరులో ఆయన పోయినప్పటి నుంచీ దానికెవరూ కీ ఇవ్వలేదు. ఇవాళ దాన్ని విడదీయించడానికి తెచ్చాను. లోపలి మిషను మా ఆయనది, అది నా కొడుక్కి. పైన కేసు మా నాన్నది, అది ఎల్డన్‌కి. మా నాన్న నోరు విడిచి అడిగితే మా ఆయన ఇవ్వని వస్తువు, ఇద్దరూ మట్టిలో కలిశాక నేను ఇస్తున్నాను. ఆలస్యమే, కాదనను. ఎల్డన్ మాత్రం క్రిస్మస్ వెళ్ళేదాకా మర్యాదకి ఆగి, ఆ తర్వాత ఫోన్ చేశాడు.

"ఆకలేస్తోందా అక్కా?"

"నీకేస్తోందని చెప్పు."

"నాకేస్తోంది. కానీ నే లేచాక మన వంతొస్తే?"

"వస్తే కేసు పట్టుకుని పారిపోతాలే, వెళ్ళు."

వాడు నవ్వాడు, లేవలేదు. నమ్మకం లేక కాదు, చూడాలని. పదహారేళ్ళప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడు వాడు, ఇప్పుడు సూపు కోసం లేచి వెళతాడా. పక్క బల్ల దగ్గర ఎవరో ఒకాయన కేసు లేని మిషనొకటి అరచేతిలో పట్టుకుని ఒకదాని తర్వాత ఒక కేసులో దించి చూస్తున్నాడు, దించుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, తీస్తాడు, ఇంకోటి అందుకుంటాడు. దాని అసలు కేసుని బంగారం కోసం ఎవరో కరిగించుకుని ఉంటారు, పాపం మిషను మిగిలిపోయింది. ఆ చేతులు చూస్తుంటే బెన్నర్ గడియారాల షాపు గుర్తొస్తోంది. ఆ రోజుల్లో గడియారాన్ని ఒక్క వస్తువుగా ఎవరు కొన్నారు, మిషను ఒక ఊరి నుంచి వచ్చేది, కేసు ఇంకో ఊరి నుంచి వచ్చేది, రెండూ కలిసేది బెన్నర్ అద్దాల బల్ల మీదే. ఎడమ వైపు గాజుమూత డబ్బాల్లో మిషన్లు, కుడి వైపు ముఖమల్ మీద ఖాళీ కేసులు, నీ జేబు ఎంత లోతుందో చూసుకుని ఇందులోంచొకటి అందులోంచొకటి ఎంచుకోవడమే. మెర్ల్‌కి అప్పుడే ఇంజన్ మీద ఉద్యోగం ఖాయమైంది, రైలు నడిపేవాడికి ఇనస్పెక్టరు ఒప్పుకునే గడియారం ఉండాలి, లేకపోతే బండెక్కనివ్వరు. వాయిదాల మీద మంచి మిషను ఎంచుకున్నాడు, కుడి వైపుకి తిరిగేసరికి డబ్బు చాలక చెవులు ఎర్రబడ్డాయి. నేను పక్కనే ఉన్నాను, మా పెళ్ళికి ఇంకా వారం ఉంది. వెనక నుంచి మా నాన్న వచ్చి తన గడియారం తీసి టక్కున బల్ల మీద పెట్టాడు. "బెన్నర్, దీని కడుపులో ఉన్నదాన్ని తీసి నా చేతిలో పెట్టు, ఈ కుర్రాడిది అందులో పెట్టు" అన్నాడు. బెన్నర్, "మరి నీకు?" అంటే, "నేను రైలు వర్క్‌షాపువాణ్ణి, నాకు షాపు కూత ఉంది. కూత వినబడితే వెళతా, వినబడితే వస్తా" అన్నాడు. ఆ కేసు వెనక మూత మీద రైలింజను బొమ్మ, పొగ వెనక్కి తేలిపోతూ, నాన్న దాన్ని ఆదివారాలు చొక్కా అంచుతో తుడిచేవాడు. బెన్నర్ రెండు స్క్రూలు బిగించి, "ఇహ మామా అల్లుళ్ళని విడదీయాలంటే నా స్క్రూడ్రైవరు కావాలి" అని నవ్వాడు. అందరం నవ్వాం. నాన్న తన పాత మిషన్ని గాజుమూత డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు, వంటింటి అలమర మీద అది చాన్నాళ్ళు ఉంది.

ఇద్దరయ్యారు మా ముందు. వాన తగ్గినట్టే తగ్గి మళ్ళీ రేకుల మీద పడుతోంది. బెన్నర్ షాపు తర్వాత మరుసటి ఏడాది జులైలో మాత్రం ఒక్క చుక్క లేదు. ఎండలో వర్క్‌షాపుల వాళ్ళందరూ పనిముట్లు కింద పెట్టి సమ్మెకని బయటికి నడిచారు, నాన్న ముందు వరసలో ఉన్నాడు. బండ్లు నడిపేవాళ్ళు మాత్రం ఆగలేదు, వాళ్ళ యూనియన్ వేరు, వాళ్ళకి ఆగమని ఎవరూ చెప్పలేదు, మెర్ల్ రోజూ ఇంజనెక్కి వెళ్ళాడు. నాన్న చోట్లో బయటూరి వాళ్ళని తెచ్చి నిలబెట్టారు, వాళ్ళు బిగించిన ఇంజనే మెర్ల్ నడిపాడు. మా పెళ్ళై ఏడాది. నాన్న మా వరండా మెట్ల దగ్గరికి వచ్చి, మెట్టెక్కకుండా, "నా కేసు నాకు పడెయ్" అన్నాడు. మెర్ల్ నిదానంగా, "మిషన్ని చేత్తో పట్టుకుని బండి నడపలేను మామయ్యా. ఇస్తాను, కొంచెం ఆగండి" అన్నాడు. "ఆగడం నీకు రాదుగా. మేం ఆగాం, నువ్వు ఆగలేదు" అని నాన్న వెనక్కి తిరిగాడు. ఆ శనివారం యూనియన్ హాల్లో అందరి ముందూ, మెర్ల్ స్ట్రూప్ చేతి నుంచి మంచినీళ్ళు కూడా నా గడప లోపలికి రావు అన్నాడట. అన్నమాట తప్పే మనిషి కాదు. అమ్మ నా దగ్గరికి దొంగచాటుగా వచ్చేది, నేను ఆ ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. మెర్ల్ పేరు అక్కడ ఎత్తేవాళ్ళు కారు. సమ్మె విరిగిపోయాక నాన్నని తీసుకున్నారు గాని, కొత్తవాడిగా తీసుకున్నారు, అంతకుముందు చేసిన ఏళ్ళన్నీ గాలికి పోయాయి. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అల్లుడి మీద చూపించాడని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం నాకు నాన్నదే న్యాయం. ఒక్క కేసు. ఇచ్చేస్తే పోయేదిగా. ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. ఆ చలికాలం మెర్ల్ పైపు మానేశాడు, దగ్గొస్తోందన్నాడు, యార్డుకి ట్రామ్ ఎక్కకుండా మంచులో నడిచి వెళ్ళేవాడు, ఇదేం మనిషమ్మా దగ్గు పెట్టుకుని మంచులో నడుస్తాడు అని నేను విసుక్కున్నాను. వసంతంలో ఒకరోజు చూస్తే గడియారం తళతళలాడుతోంది. "బెన్నర్ శుభ్రం చేశాడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాన్న వస్తువు ఇవ్వడానికి చేతులు రావు గాని మెరుగులు పెట్టించుకోవడానికి వస్తాయి. ఆ మాట అన్నాను కూడా. ఆయన వింటూ బూట్లు విప్పుకున్నాడు.

ఆ తర్వాత నాన్న ఎప్పుడూ అడగలేదు. అంటే మా మీద ఆశ వదిలేసుకున్నాడు అనుకున్నాను. అలమర మీద డబ్బాలో మిషను కూడా లేదు, వెళ్ళి చూస్తే చేపలు పట్టే గాలాలున్నాయి అందులో. "నాన్న కోపంతో నదిలోకి విసిరేశాడు" అని ఎల్డన్ చెప్పాడు, నేనా రాత్రంతా ఏడ్చాను, పక్కన మెర్ల్ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. నాన్న ఇంటి వెనక చిక్కుళ్ళ పాదులు, పాదుల అవతలే రైలు కట్ట. మెర్ల్ బండి సాయంత్రం, నాన్న పని నుంచి వచ్చాక, ఆ దారినే వెళ్ళేది. నేనక్కడ ఉన్న రోజుల్లో వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని, బండి కూత వినబడగానే నాన్న నడుము నిలిపి లేచేవాడు, ఇటు వీపు పెట్టి నిలబడి, తల దించుకునేవాడు, బండి మొత్తం వెళ్ళిపోయేదాకా తల ఎత్తేవాడు కాదు. అల్లుడి ముఖం చూడకూడదని. అమ్మతో అన్నాను, "చూడమ్మా, ఎంత మంట ఉంటే అలా నిలబడతాడు." అమ్మ గిన్నె తోముతూ, "మీ నాన్న సంగతి మీ నాన్నకే తెలియాలి" అంది. అమ్మ అలా పొడిగా అన్నప్పుడైనా నేను తిరిగి ఆవిడ ముఖం చూసి ఉండాల్సింది.

ఒక్కరే ఉన్నారు ముందు. ఈ బల్ల ఆయన పేరు రూడిసిల్ అట, ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, లావుగా, పట్టీల ప్యాంటు, వేళ్ళు మాత్రం సన్నగా ఉన్నాయి. మెర్ల్ వేళ్ళు లావు, ఆ లావు వేళ్ళతో చిన్న పిడిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కీ ఇచ్చేవాడు, ప్రతి పొద్దునా, కాఫీ కంటే ముందు. నా కంట అది పడితే చాలు, నా నోరు ఊరుకునేది కాదు. ఒకసారా రెండుసార్లా. పరాయి సొత్తుకి భలే కీ ఇస్తావే. మా నాన్న నీ జేబులో ఉన్నాడు, బాగా చూసుకో. నాన్న అంత్యక్రియల రోజు పొద్దున, మెర్ల్ నల్లకోటు వేసుకుని గొలుసు తగిలించుకుంటుంటే, పిల్లల ముందే అన్నాను, "ఇవాళైనా దాన్ని ఇంట్లో పెట్టు. దొంగసొత్తు జేబులో వేసుకుని మా నాన్న శవం ముందు నిలబడకు." ఆయన నా వంక చూశాడు. ఏదో అనబోతున్నాడనే అనుకున్నాను. "సరే లియోటా" అని గొలుసు తీసి, వంటింట్లో పొయ్యి పక్కన, ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. చర్చిలో పాట మధ్యలో అలవాటుగా ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళి, జేబు ఖాళీ అని గుర్తొచ్చి, కిందికి జారిపోవడం చూశాను. తగిన శాస్తి అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన దాన్ని పడగ్గదిలోకి తేలేదు. పని నుంచి రాగానే ఉప్పు డబ్బా పక్కన పెట్టేవాడు, పొద్దున్న అక్కడి నుంచే తీసుకునేవాడు, రాత్రి టైము చూడాలంటే చలికి వణుకుతూ వంటింటిదాకా నడిచి వెళ్ళేవాడు. రిటైరయ్యాక కూడా అంతే. నేను తెచ్చుకోమనలేదు.

"అక్కా. మన వంతు."

రూడిసిల్ రుమాలు విప్పి గడియారాన్ని చేతిలోకి తీసుకుని ముందు బరువు చూసినట్టు చూశాడు, తర్వాత వెనక మూత మీద ఇంజను బొమ్మని బొటనవేలితో రాశాడు.

"విడదీయాలన్నారు కదమ్మా?"

"అవును. మిషను ఇటు, కేసు అటు. రెండూ రెండిళ్ళవి."

మూత తెరిచాడు. భూతద్దం కంటికి దించుకున్నాడు. తలుపు దగ్గర ఎవరో గొడుగు దులుపుతున్నారు, ఎల్డన్ నా భుజం మీదుగా ముందుకి వంగాడు, వాడి కోటు తడి ఉన్ని వాసన. రూడిసిల్ స్క్రూడ్రైవరు తీసుకోలేదు. గడియారాన్ని దీపం కింద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"రెండిళ్ళవని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఒకరు చెప్పేదేముంది, కలిపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఈ కేసులో ముందు మా నాన్న మిషను ఉండేది. పదిహేనేళ్ళు ఉంది."

"అయితే మీరు చూసింది ఈ కేసు కాదమ్మా."

ఎల్డన్ నవ్వాడు. "మాకు తెలియదా సార్, చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మ."

"ఈ బొమ్మ వేలకొద్దీ కేసుల మీద ఉంది బాబూ, కావాలంటే ఈ హాల్లోనే నాలుగు చూపిస్తా." ఆయన తన భూతద్దం తీసి నాకిచ్చాడు. "ఇదిగో, ఈ లోపలి అంచు చూడండి. మిషన్ని కేసులో పట్టి ఉంచేది రెండు స్క్రూలు. స్క్రూ తల అంచుని కొరుకుతుంది, అక్కడ గాటు పడుతుంది. ఒక్కో ఫ్యాక్టరీ వాళ్ళ స్క్రూ ఒక్కో చోట ఉంటుంది. మీ నాన్నగారి మిషను ఎక్కడిది?"

"ఇల్లినాయిది" అన్నాడు ఎల్డన్.

"ఇది లాంకస్టర్‌ది. ఇల్లినాయిదైతే ఇక్కడా, ఇదిగో ఇక్కడా కొరికి ఉండాలి. పదిహేనేళ్ళు ఉందంటే బాగా కొరికి ఉండాలి. చూడండి, నున్నగా ఉంది. ఉన్నవి రెండే గాట్లు, రెండూ ఈ స్క్రూల కిందే."

"బెన్నర్ మెరుగు పెట్టాడు" అన్నాను.

"మెరుగుతో గాటు పోదమ్మా. కొరుక్కుపోయిన లోహం తిరిగొస్తుందా? ఇది కొత్త కేసు కొని ఈ మిషన్ని అందులో పెట్టించిందే. ఆ తర్వాత ఇంకోటి ఇందులోకి రాలేదు." ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇలాంటి దానికోసమే వీళ్ళంతా ఇంత వానలో వచ్చింది. జత చెడనిది దొరకడం కష్టం. మీరు అదృష్టవంతులమ్మా."

భూతద్దంలో ఆ రెండు గాట్లు చంద్రవంకల్లా ఉన్నాయి. మూడోదాని కోసం వెతికాను. అంచు చుట్టూ కన్ను తిప్పాను, మళ్ళీ తిప్పాను. ఎల్డన్ నా చేతిలోంచి గడియారం తీసుకుని వెనక మూత దీపానికి పెట్టి చూసి, "సొట్ట లేదు" అన్నాడు మెల్లగా. "పొగగొట్టం పక్కన సొట్ట ఉండాలి. చిన్నప్పుడు నేనే పడేశాను, నాన్న నన్ను కొట్టలేదు కూడా. బెన్నర్ సరిచేశాడనుకున్నా ఇన్నాళ్ళూ." చెక్కిన బొమ్మ మీద సొట్ట లేపితే గీతలు చెదురుతాయి, ఇక్కడ ఒక్క గీతా చెదరలేదు అన్నాడు రూడిసిల్. ఎల్డన్ నా వంక తిరిగి, నేనే మింగేసినట్టు, "మరి నాన్న కేసేది అక్కా?" అన్నాడు.

"ఆ పాత మిషన్ని నదిలో విసిరేశానని నాన్న నీకు చెప్పాడా?"

"నాన్నెప్పుడు చెప్పాడు? డబ్బాలో గాలాలు చూసి నేనే అనుకున్నా."

పైపు మానేసింది దగ్గుకి కాదు. ట్రామ్ మానేసింది ఆ డబ్బు మిగల్చడానికి. ఒక చలికాలమంతా మంచులో నడిచి, అదే బొమ్మ, అదే పొగ ఉన్న కేసు వెతికి కొన్నాడు, నాకు తేడా తెలియకూడదని. తెలిస్తే అమ్మతో అంటాను, అమ్మతో అంటే ఊరంతా తెలుస్తుంది, మెర్ల్ స్ట్రూప్ చేతి నుంచి నా గడప లోపలికి ఏదీ రాదన్న మనిషి మాట పోతుంది. అందుకే నాన్న కేసుని బెన్నర్ చేతి మీదుగా పంపాడు. నాన్న తీసుకున్నాడు. డబ్బాలోని మిషను మళ్ళీ దాని కేసులోకి వెళ్ళింది, డబ్బా గాలాలకి మిగిలింది. అందుకే మళ్ళీ అడగలేదు. అడగడానికేముంది, ఆయన జేబులోనే ఉంటే. చిక్కుళ్ళ పాదుల్లో కూత వినగానే నడుము నిలిపి, ఇటు వీపు పెట్టి, తల దించుకుని... దేవుడా, ఆయన టైము చూసుకున్నాడు. అల్లుడి బండి వేళకి వెళుతోందో లేదో చూసుకున్నాడు, రోజూ, చివరి పెట్టె దాటేదాకా. మెర్ల్ ఇంజను కిటికీలోంచి అది చూసి ఉంటాడు. రోజూ చూసి ఉంటాడు. వాళ్ళిద్దరి మధ్యా ఆ కట్ట మీద ఏదో నడుస్తూనే ఉంది, కిటికీలో నిలబడి నేనొక్కదాన్నే దాన్ని పగ అనుకున్నాను.

"లోపలి గదిలో" అన్నాను, ఎల్డన్‌తోనో నాతోనో. "నాన్న అంత్యక్రియల పొద్దున. అమ్మ ఆయన చేతుల్లేని కోటుకి కుట్టు వేస్తోంది, గుర్తుందా?"

"నాకెక్కడ గుర్తుంటుంది."

నాకుంది. నేను కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాను, అమ్మ మంచం అంచున కూచుని, ఆ కోటు జేబు కుడుతోంది. "ఇప్పుడు జేబెందుకమ్మా కుడుతున్నావు" అంటే, "చిరిగింది" అంది, తల ఎత్తకుండా. చిరిగితే చిరిగినచోట కుడతారు. అమ్మ జేబు నోరు కుడుతోంది, లోపల ఉన్నది జారిపోకుండా. కళ్ళ ముందే కుట్టింది. నేనప్పుడే మెర్ల్ చేత గడియారం తీయించి వచ్చాను, ఆ గెలుపు ఇంకా ఒంట్లో ఉంది, నాకు జేబు ఏం కనిపిస్తుంది. దొంగసొత్తు అన్నాను. నాన్న వస్తువు నాన్న గుండె మీదే ఉండగా, తన సొంత డబ్బుతో కొనుక్కున్న దాన్ని ఆయన ఉప్పు డబ్బా పక్కన పెట్టి వచ్చాడు. నోరు విప్పితే ఒక్క మాట సరిపోయేది. నాన్న పోయాక మాట పోతుందన్న భయం కూడా లేదు. అయినా చెప్పలేదు, పోయిన మనిషి ఇక సమాధానం చెప్పుకోలేడు కదా అనుకున్నాడో, ఈ మనిషి ఎటూ నన్నే అంటుందిలే అనుకున్నాడో. అడిగితే చెప్పేవాడు. మెర్ల్ అబద్ధమాడే మనిషి కాదు, అడిగితే తప్పకుండా చెప్పేవాడు. అన్నేళ్ళ కాపురంలో నేను అనడమే గాని ఒక్కసారి అడిగింది లేదు.

"మరి విప్పమంటారా?" అన్నాడు రూడిసిల్. మా ఇద్దరి ముఖాలూ చూసి ఆయన గొంతు తగ్గింది.

నేను నోరు తెరిచేలోపు ఎల్డన్ చెయ్యి చాపి, తన పెద్ద ఎముకల చెయ్యి, గడియారం మీద బోర్లించాడు. "వద్దు సార్. మూసెయ్యండి." తర్వాత టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, "నేనూ తక్కువ అనలేదక్కా ఆయన్ని" అన్నాడు. "ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నప్పుడు కూడా అన్నాను."

"తెలుసు. నేను పక్కనుండి అనిపించాను."

రూడిసిల్ మూత వేసే ముందు రెండు వేళ్ళతో పిడి తిప్పాడు, అడగకుండానే. అక్టోబరు నుంచి ఆగి ఉన్నది, రెండు తిప్పులకే లేచి నడవడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని రుమాల్లో చుట్టబోతే వద్దని చేత్తోనే తీసుకున్నాను. ఎల్డన్ నన్ను కుర్చీలో కూచోబెట్టి సూపు తెస్తానని వెళ్ళాడు, కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళాడని నాకు తెలుసు. వాన రేకుల మీద పడుతోంది. పక్క బల్ల ఆయన ఇంకా ఆ దిక్కులేని మిషన్ని ఇంకో కేసులోకి దించి చూస్తున్నాడు. నా అరచేతిలో అది టిక్కుటిక్కుమంటోంది, గట్టిగానే, ఇన్నేళ్ళూ నేను గోడ అవతల ఉంచిన చప్పుడు. ఇంటికి వెళ్ళాక వంటింట్లోకే వెళతాను, కోటు విప్పుతాను, దీపం వేస్తాను. ఆ తర్వాత దీన్ని ఎక్కడ పెట్టాలి. ఉప్పు డబ్బా పక్కన పెట్టలేను. నా మంచం పక్కకి తెచ్చుకుంటే, వినాల్సిన మనిషి లేడు.